వాల్ష్ అక్కచెల్లెళ్ల నవలలు ఎక్కడ మొదలుపెట్టాలి? మొదటి పుస్తకంతో మాత్రం వద్దు

మీరు అడిగినవి రెండు. ఐర్లండ్ రచయిత్రి మేరియన్ కైజ్ రాసిన వాల్ష్ కుటుంబం నవలలు వరుసలోనే చదవాలా? చావులూ ఎడబాట్లూ ఉన్న కథల్లో అంత నవ్వులాట ఏమిటి?

వరుస అక్కర్లేదు. డబ్లిన్‌లోని ఆ ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు: క్లేర్, మ్యాగీ, రేచల్, ఆనా, హెలెన్. 1995లో వచ్చిన ‘వాటర్‌మెలన్’ క్లేర్ కథ. కాన్పు రోజే మొగుడు వదిలేసిపోతే పసిబిడ్డతో లండన్ నుంచి పుట్టింటికి చేరుతుంది. సరదాగానే ఉంటుంది గానీ సాగదీత ఎక్కువ, తొలి నవలని తెలిసిపోతుంది. విడాకులకు ఐర్లండ్ ఓటర్లు రెఫరెండంలో ‘సరే’ అన్నదీ ఆ ఏడాదే, అదీ 50.28 శాతంతో. పెళ్లి చెడి పుట్టింటికి రావడం అక్కడ ఎంత పెద్ద మాటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

‘రేచల్స్ హాలిడే’తో మొదలుపెట్టండి. న్యూయార్క్‌లో మత్తుమందులకు అలవాటుపడ్డ రేచల్‌ని ఇంటివాళ్లు డీఅడిక్షన్ కేంద్రంలో చేర్పిస్తారు. ఆవిడ మాత్రం అక్కడ మసాజులూ సినిమావాళ్లూ ఉంటారనుకుని బయల్దేరుతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, ఆమె మాట నమ్మేస్తారు. ‘నాకేం కాలేదు’ అన్న ప్రతిచోటా ఆగి, పక్కవాళ్లు ఏమంటున్నారో చూడండి. మొదట్లో నవ్వించిన జోకులే తర్వాత గుచ్చుకుంటాయి. 2022లో వచ్చిన ‘అగెయిన్, రేచల్’ మాత్రం దీని తర్వాతే చదవాలి.

ఆపైన ‘ఎనీబడీ అవుట్ దేర్?’ (2006). ఒంటినిండా దెబ్బలతో ఆనా పుట్టింట్లో మంచాన పడి ఉంటుంది. ఎందుకో నేను చెప్పను, మీరూ రివ్యూలు చూడకండి. వాళ్లమ్మ ఈమెయిళ్లు దాటేయొద్దు. గేటు ముందు కుక్కని దొడ్డికి కూర్చోబెట్టే ముసలావిడతో ఆవిడ పోరు వినోదమే, కానీ ఆనా బాధ మరీ బరువెక్కినప్పుడు పాఠకుడికి ఊపిరి తిప్పుకోనిచ్చేవి అవే.

ఇక చావూ నవ్వూ. ఐర్లండ్‌లో చావింట్లో జనం, టీ, శాండ్‌విచ్‌లు తప్పవు. పల్లెల్లో ఇప్పటికీ శవాన్ని ఇంట్లో ఉంచితే, ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి ‘సారీ ఫర్ యువర్ ట్రబుల్’ అనేసి వెళ్తారు. రెండు మూడు రోజుల్లో ఖననం. నెలకి ‘మంత్స్ మైండ్’ అనే ప్రార్థన, ఇంచుమించు మన మాసికం. శాండ్‌విచ్‌లు చాలతాయా అని ఇల్లాలు కంగారుపడుతుంటే నవ్వండి, కానీ ఆవిడ ఏడుపు ఆపుకుంటున్నది ఆ పనితోనే. ఈమర్ మెక్‌లైసట్, సారా బ్రీన్ కలిసి రాసిన ‘ఓ మై గాడ్, వాట్ ఎ కంప్లీట్ ఆష్లింగ్’ (2017) ఈ కోవలోదే: పల్లె నుంచి డబ్లిన్ ఉద్యోగానికొచ్చిన అమ్మాయి, తేలని ప్రేమ, ఊళ్లో తండ్రికి జబ్బు. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో ఊరి బస్సెక్కేవాళ్లకి ఆ అపరాధభావం కొత్తేమీ కాదు.

ఐర్లండ్ వాళ్ల ఇంగ్లిష్ దగ్గర, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లే బోల్తా పడతారు. ‘యువర్ మ్యాన్’ అంటే మీ ఆయన కాదు, ‘ఆ మనిషి’ అని. ‘గివింగ్ అవుట్’ అంటే చీవాట్లు పెట్టడం. ‘ప్రెస్’ అంటే అలమారా. ‘నోషన్స్’ ఉన్నాయంటే లేని గొప్పలకి పోతోందని. ‘గ్రాండ్’ అన్న మాటకి మాత్రం బాగున్నాననీ, వద్దనీ, ఇక అడగొద్దనీ మూడర్థాలూ ఉన్నాయి. తండ్రిని పాతిపెట్టి వచ్చిన మనిషి ‘ఐయామ్ గ్రాండ్’ అందంటే ఆ పేజీ ఇంకోసారి చదవండి.