120 అంగుళాల తెర కొంటే ఏడడుగుల బొమ్మే పడుతోంది, షాపు మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్‌ను హోం థియేటర్‌గా మార్చుకున్నాం. ప్రొజెక్టర్ ముందే ఉంది. తెర కోసం హైదరాబాద్‌లోని ఒక షాపుకు గది పొడవు 12 అడుగులని, ప్రొజెక్టర్ మోడల్ ఫలానా అని వాట్సాప్‌లో పెట్టి, ఏ సైజు తీసుకోవాలో మీరే చెప్పండి అన్నాను. "120 అంగుళాల సినిమాస్కోప్ తీసుకోండి సార్, పర్‌ఫెక్ట్‌గా సరిపోతుంది" అని రాశారు. రూ.38,000 కట్టాను. వాళ్ల మనిషే వచ్చి బిగించాడు. ప్రొజెక్టర్‌ను వెనక గోడ దాకా జరిపినా తెర నిండడం లేదు, రెండు పక్కలా అడుగేసి ఖాళీ. మార్చమంటే తెరలో లోపం లేదు, ఆర్డరిస్తే కోసిచ్చాం, అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని బిల్లు మీదే ఉంది, కేసు వేసినా హైదరాబాద్‌లోనే వేయాలి అంటున్నారు. బిగించి 19 రోజులైంది. ఏం చేయాలి?

జవాబు: వాళ్లు చెప్పిన వాటిలో మొదటి మాట నిజమే. మీ తెర చిరగలేదు, ముడతలు పడలేదు. కాబట్టి "లోపభూయిష్టమైన సరుకు" అని ఫిర్యాదు రాస్తే మొదటి వాయిదాకే చిక్కుల్లో పడతారు. మీ కేసు తెర మీద కాదు, ఆ సైజు ఎవరు ఎంచారన్న దాని మీద నిలుస్తుంది.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలో సెక్షన్ 16 ఉంది. ఫలానా అవసరానికి కావాలని కొనేవాడు చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద భరోసా పెట్టి, ఆ సరుకు అతను మామూలుగా అమ్మేదే అయితే, అది ఆ అవసరానికి తగినట్టు ఉండి తీరాలి. నోటితో హామీ ఇవ్వకపోయినా ఆ షరతు అమ్మకంలో ఉన్నట్టే లెక్క. మీరు గది కొలత చెప్పారు, ప్రొజెక్టర్ చెప్పారు, మీరే చెప్పండన్నారు. వాళ్లు చెప్పారు. అదే మీరు "120 సినిమాస్కోప్ ఒకటి పంపండి" అని మాత్రం అడిగి ఉంటే, ఈ జవాబు రెండు లైన్లలో అయిపోయేది, అదీ మీకు నచ్చని విధంగా.

ఇక వాళ్ల సలహా ఎంత తప్పో టేపు పట్టుకుని చూద్దాం. మీరు పంపిన ఫొటోలో ప్రొజెక్టర్ డబ్బా మీద త్రో రేషియో 1.5 అని ఉంది, జూమ్ లేదు. అంటే బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దూరంలో లెన్సు ఉండాలి. 120 అంగుళాలన్నది మూల నుంచి మూలకు కొలత. ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పుండే సినిమాస్కోప్ తెర అయితే వెడల్పు సుమారు 110 అంగుళాలు, ఎత్తు 47. అది నిండాలంటే లెన్సు 13 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండాలి. మీ గదే 12 అడుగులు! ప్రొజెక్టర్ ఒళ్లు, వెనక వైర్లు పోను మీకు దక్కేది పదిన్నర. ఆ దూరానికి పడే బొమ్మ 84 అంగుళాలు, అంటే సరిగ్గా ఏడడుగులు. మిగిలిన 26 అంగుళాలే రెండు పక్కలా మీకు కనిపిస్తున్న ఖాళీ. మ్యాచ్‌లు, సీరియళ్లు 16:9లో (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9) వస్తాయి కాబట్టి ఎత్తుకు సరిపోతాయి. సినిమాస్కోప్ సినిమా పెడితే పైనా కిందా కూడా పట్టీలు పడి బొమ్మ ఇంకా చిక్కిపోతుంది. సినిమా కోసమే ఇచ్చామన్న తెరలో సినిమాయే చిన్నదైపోయిందన్నమాట. ఈ లెక్కను ఒక కాగితం మీద బొమ్మ గీసి ఫిర్యాదుకు జతచేయండి. నా పేజీల వాదన కన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

తెలిసి తెలిసి సరిపోని సైజు సిఫార్సు చేయడం, తమ మనిషే వచ్చి కొలవకుండా బిగించి వెళ్లడం, రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కింద వాదించదగినవి. "వాపసు లేదు" అనే అచ్చు ముక్క ఈ బాధ్యతను తుడిచేయదు. "కోసిచ్చాం" అన్నది కాస్త బరువున్న వాదన. కానీ ఏ కొలతకు కోయాలో చెప్పింది కూడా వాళ్లేనని చాట్‌లో ఉంది కదా. హైదరాబాద్ మాటకు టెన్షన్ పడకండి. ఫిర్యాదుదారు నివసించే చోట కూడా కేసు వేయవచ్చని ఆ చట్టంలోని సెక్షన్ 34 చెబుతోంది. విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు, లాయరు తప్పనిసరి కాదు. ఇది చెప్పి నా నోటి కాడ కూడు నేనే తీసుకుంటున్నాను.

అయితే ఒక పని ఈ వారంలోనే చేయాలి. మౌనంగా తెరను వాడుతూ పోతే సరుకును అంగీకరించినట్టు లెక్కవేసే ప్రమాదం ఉంది. అప్పుడు వాపసు హక్కు పోయి నష్టపరిహారం ఒక్కటే మిగలవచ్చు. కాబట్టి సరిపోలేదు, మార్చండి లేదా డబ్బివ్వండి అని 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. ఆలోగా తెర చుట్టి పెట్టేయండి. ప్యాకింగ్ గొట్టం పారేయకండి. చాట్‌ను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి, ఫోన్ మార్చకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చాలా షాపులు ఆ దశలోనే దిగివస్తాయి.

వాళ్లు రాజీకి వస్తే బెట్టు చేయకండి. మానసిక వేదనకు ఐదు లక్షలని రాస్తే ఫిర్యాదు బలపడదు, పలచబడుతుంది. మీ గదికి 16:9లో 92 అంగుళాల తెర సరిపోతుంది. 80 అంగుళాల వెడల్పు, పదడుగుల దూరం చాలు. 100 అంగుళాలకు 10 అడుగుల 11 అంగుళాలు కావాలి, మీ దగ్గర లేదు. ఈసారి ఒప్పుకునే ముందు గోడకు పేపర్లు అంటించి 80 బై 45 కొలత చూసుకోండి. ధర తేడా వాపసు, మళ్లీ బిగింపు, పాత బోల్టుల కన్నాలు పూడ్చే ఖర్చు, అన్నీ కాగితం మీద రాయించుకోండి.