బాప్టిస్ట్ చర్చిలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరట, మరి పిల్లల్ని, కుటుంబాల్ని ఎలా పట్టించుకుంటారు?

ఇవ్వరు, నిజమే. తన నమ్మకం తనే చెప్పుకునే వయసొచ్చాకే నీళ్ళలో ముంచి ఇస్తారు. పసిబిడ్డని తీసుకొస్తే పాస్టర్ గారు ఎత్తుకుని ప్రార్థన చేస్తారు, దాన్ని ప్రతిష్ఠ అంటారు, అక్కడ మాటిచ్చేది బిడ్డ కాదు, అమ్మానాన్నలూ చర్చి సంఘమూ. తర్వాత సండే స్కూలు, కంఠత పట్టే బైబిలు వాక్యాలు, ఎండాకాలం సెలవుల్లో వీబీఎస్ అనే పిల్లల బైబిలు బడి (ఆ రోజుల్లో యాక్షన్ సాంగ్స్ గోల వీధంతా వినపడుద్ది లెండి). ఇంట్లో జబ్బో చావో వస్తే ముందు వచ్చేది చర్చిలోని స్త్రీల సమాజం వాళ్ళే, అన్నం వండుకొచ్చి, కూర్చుని ప్రార్థన చేసి, చందాలేసి ఎంతోకొంత చేతిలో పెడతారు, నా లెక్కలో అసలు సాయం ఇదే. మనవైపు 1840లో నెల్లూరులో అడుగుపెట్టిన అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ అయితే బడులూ ఆస్పత్రులూ కూడా పెట్టింది, ఒంగోలులో ఆ మిషన్‌లో పనిచేసిన జాన్ క్లౌ గారి పేరుతో ఆస్పత్రే కట్టారు.