అశ్లీల స్పామ్ మెయిల్స్‌కి లేబుల్ ఉండాలన్న అమెరికా రూల్ నిజంగా పనిచేస్తుందా?

డాలస్‌లో ఉంటున్నామని, అబ్బాయి మెయిల్‌కి బూతు స్పామ్ వస్తోందని, సబ్జెక్టులోనే హెచ్చరిక పెట్టాలని రూల్ ఉందట కదా, మరి వీటికి ఎందుకు లేదని అడిగారు. రూల్ ఉన్న మాట నిజమేనండీ. 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం కింద ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) తెచ్చింది, 2004 మే 19 నుంచి అమల్లో ఉంది. సబ్జెక్టు మొదట్లోనే ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాల్లో 'సెక్సువల్లీ-ఎక్స్‌ప్లిసిట్:' అని ఉండాలి. మెయిల్ తెరవగానే కనబడే భాగంలో బొమ్మలేవీ ఉండకూడదు. మళ్లీ అదే హెచ్చరిక, పంపినవాళ్ల పోస్టల్ అడ్రస్, ఇక పంపొద్దని చెప్పే దారి, ఇలాంటివే ఉండాలి. అసలు సరుకు చూడాలనుకున్నవాళ్లు కిందికి వెళ్లాలి, లేదా క్లిక్ చేయాలి. ముందే 'పంపండి' అని ఒప్పుకున్నవాళ్లకి పంపేటప్పుడు మాత్రం ఈ లేబుల్ అక్కర్లేదు. (అలాగని అబ్బాయిని నిలదీయకండి, అడ్రస్ ఎక్కడో లీకైతే చాలు ఇవి వచ్చి పడతాయి.)

ఆ రోజుల్లో నేను న్యూజెర్సీలో ఓ చిన్న ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసేవాణ్ణి. రూల్ రాగానే మా బాస్ తెగ సంబరపడి, ఆ మాటతో మొదలయ్యే మెయిల్స్ అన్నీ నేరుగా చెత్తలోకి పోయేలా ఫిల్టర్ పెట్టమన్నాడు. పెట్టాను. అందులో పడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ 'నీ ఫోటోలు చూశా', 'రేపటి మీటింగ్' లాంటి సబ్జెక్టులతో దర్జాగా లోపలికొచ్చేవి. కన్నం వేసేవాడు గంట కొట్టుకుంటూ వస్తాడా?

అయినా రూల్ దండగ అనను. 2005 జులైలో ఎఫ్‌టీసీ ఈ రూల్ కిందే ఏడు కంపెనీల మీద కేసులు పెట్టింది, నాలుగు కంపెనీలు జరిమానా కట్టి రాజీపడ్డాయి. మెయిల్స్ పంపింది మేం కాదు, కమిషన్ మీద పనిచేసేవాళ్లు అంటే కుదరదు, ఎవరి సైటు కోసం పంపారో వాళ్లూ బాధ్యులే. నా లెక్కలో రూల్‌కి ఉన్న బలమంతా అక్కడే ఉంది. అడ్రస్, బ్యాంకు ఖాతా ఉన్న కంపెనీ భయపడుతుంది, ఎక్కడో దేశం దాటి కూర్చున్నవాడికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఇంకొకటి, మామూలు మనిషి ఈ చట్టం కింద సొంతంగా కోర్టుకి వెళ్లలేడు. ఎఫ్‌టీసీ, రాష్ట్ర అటార్నీ జనరల్, ఇంటర్నెట్ కంపెనీలు, ఇలాంటివాళ్లకే ఆ హక్కు. అందుకని ఎఫ్‌టీసీ వాళ్ల రిపోర్ట్ ఫ్రాడ్ సైటులో ఫిర్యాదు పెట్టండి, పెట్టేదాకా మెయిల్స్ డిలీట్ చేయకండి, ఫుల్ హెడర్ (మెయిల్ ఏ దారిన వచ్చిందో చూపే సాంకేతిక వివరాలు) కాపీ చేసి ఉంచుకోండి, ఎక్కడినుంచి వచ్చిందో ఆరా తీయాలంటే కావాల్సింది అదే. లేబుల్ లేని మెయిల్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ మాత్రం నొక్కొద్దు, ఈ అడ్రస్ ఎవరో వాడుతున్నారని మీరే చెప్పినట్టవుతుంది. బొమ్మలు వాటంతటవే లోడ్ కాకుండా సెట్టింగ్స్‌లో ఆపేయండి, బొమ్మ లోడైనా వాడికి తెలిసిపోతుంది. వచ్చిన ప్రతిదాన్నీ స్పామ్ అని మార్క్ చేస్తూ పోతే ఫిల్టరే నేర్చుకుంటుంది.

అప్పటికీ ఆగకపోతే అబ్బాయికి కొత్త అడ్రస్ తీసి, స్కూల్‌కి తప్ప ఇంకెక్కడా ఇవ్వకండి.