ఓవెన్ లైటు వేడిలో ఇడ్లీ పిండి

చి. స్వాతికి,

పెద్దమ్మ దీవెనలు. మినియాపొలిస్ చలికి ఇడ్లీ పిండి రెండు రోజులైనా పొంగడం లేదని మీ అమ్మ చెప్పింది. నీ చేతిలో లోపమేం లేదమ్మా. మన ఊళ్లో వంటగట్టు మీద వదిలేసినా తెల్లారేసరికి పొంగుతుంది. మీ ఇంట్లో హీటర్ 68 డిగ్రీల (ఇక్కడ చెప్పేవన్నీ ఫారెన్‌హీట్ లెక్కే) దగ్గర ఆగితే, పిండికేమో 82 నుంచి 90 దాకా కావాలి. ఆ లోటు తీర్చడానికి నీ ఓవెన్‌లో ఉన్న చిన్న బల్బు చాలు.

ముందు అది ఏ రకం బల్బో చూడు. పాత తరహా ఫిలమెంట్ బల్బయితే మామూలుగా 40 వాట్లుంటుంది. అది తాగే కరెంటులో నూటికి తొంభై వంతులు వేడిగానే పోతుంది. గదిలో అయితే ఆ వేడి దండగే, మూసిన ఓవెన్‌లో మాత్రం చాలావరకు అక్కడే నిలుస్తుంది. అమెరికాలో 2023 ఆగస్టు నుంచి మామూలు ఫిలమెంట్ బల్బుల అమ్మకం ఆగినా, ఓవెన్ బల్బులకు మినహాయింపు ఉంది. మీది ఎల్‌ఈడీ అయితే వేడి చాలదు. పిండి పొంగడానికి ఓవెన్‌ను గోరువెచ్చగా ఉంచే ‘ప్రూఫ్’ అనే బటన్ ఉందేమో వెతుకు. వేడి పెరుగుతుందని ఎక్కువ వాట్ల బల్బు మాత్రం బిగించొద్దు.

పిండి పెట్టే ముందు ఒక రాత్రి ఉత్త ఓవెన్‌లో లైటు వేసి, గ్లాసుడు నీళ్లుంచి, పొద్దున థర్మామీటర్ ముంచి చూడు. ఓవెన్ ఓవెన్‌కీ తేడా ఉంటుంది, అందుకే ఈ పరీక్ష మానొద్దంటున్నాను. 95 దాటితే తలుపు సందులో చెక్క గరిటె పెట్టి కాస్త గాలి ఆడనివ్వు. పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియాకు గోరువెచ్చదనమే ఇష్టం. వేడి ఎక్కువైతే పిండి సరిగ్గా పొంగకుండానే పుల్లబడిపోతుంది.

మినప్పిండిలో రవ్వ, ఉప్పు వేసి చేత్తో బాగా కలుపు. పెద్ద స్టీలు గిన్నెలో సగానికి మించకుండా పోసి, మూత వదులుగా పెట్టు. బల్బుకు దూరంగా కింది అరలో ఉంచి, అడుగున పళ్లెం పెట్టు. పొంగి కారిందంటే ఓవెన్ కడగడం మహా చాకిరీ. పది పన్నెండు గంటలకు పిండి ఉబ్బి, గరిటెతో పక్కకు తీస్తే లోపలంతా సన్నని బుడగలు కనిపిస్తాయి. చెవి దగ్గర పెడితే చిటచిటమని వినిపిస్తుంది. ఇక అప్పుడు గట్టిగా కలియబెట్టకుండా, అంచు నుంచి తీసి ప్లేట్లలో వేసెయ్.

ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దు. ఓవెన్ నాబ్ మీద ‘లోపల పిండి ఉంది’ అని కాగితం అంటించు. అబ్బాయి చూసుకోకుండా పిజ్జా కోసం ఓవెన్ ఆన్ చేశాడంటే అంతే. గిన్నెకు గుడ్డ చుట్టొద్దు, వెలిగే బల్బును ముట్టుకోవద్దు.

పెరుగు సంగతి వేరు, దానికి 105 నుంచి 110 కావాలి. పాలు ఆ వేడికి చల్లారాక తోడేసి ఓవెన్‌లో పెడితే, లైటు ఆ వెచ్చదనాన్ని త్వరగా పోనివ్వదు. ఆరేడు గంటలకు తోడుకుంటుంది. పిండీ పెరుగూ ఒకేసారి పెట్టకు.

కరెంటు గురించి టెన్షన్ వద్దు. 40 వాట్ల బల్బు పన్నెండు గంటలు వెలిగినా అర యూనిట్ కూడా కాదు.

నీళ్ల పరీక్షలో ఎంత చూపించిందో వాట్సాప్‌లో పెట్టు. తలుపు ఎంత సందు వదలాలో చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ