దిండు కింద చపాతీలు

ప్రశ్న: మేం బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాం. బాలల సంక్షేమ సమితి ఆర్డరుతో 5 నెలల కిందట 13 ఏళ్ల తెలుగమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇది ఫోస్టర్ కేర్ (కొంతకాలం ఇంట్లో పెట్టుకుని పెంచడం), దత్తత కాదు. రాత్రుళ్లు సరిగా నిద్రపోదు. చపాతీలు దిండు కింద దాస్తుంది. ఇప్పటికి ముగ్గురు కౌన్సెలర్లు మారారు. ప్రతిసారీ కథంతా మొదటినుంచి చెప్పలేక ఇక రానంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ చపాతీల సంగతి. అది దొంగతనం కాదండి. రేపు తిండి దొరుకుతుందో లేదో తెలియకుండా గడిపిన పిల్లలు ఇలా దాచుకోవడం మామూలే. వెతికి తీసేస్తే భయం ముదురుతుంది. మూత ఉన్న డబ్బాలో బిస్కెట్లు, పల్లీచిక్కీ పెట్టి ఆమె మంచం పక్కనే ఉంచండి. 'ఇది నీదే, అయిపోతే నింపుతా' అని చెప్పి, చెప్పినట్టే నింపండి. నిద్ర విషయంలో లైటు ఉండాలా, తలుపు తీసి ఉంచాలా అన్నది ఆమెనే అడగండి.

కౌన్సెలర్లు మారడమే ఇక్కడ అసలు దెబ్బ. మనుషులు మధ్యలో వెళ్లిపోవడం ఆమె చూసేసింది, చికిత్సలోనూ అదే జరిగితే నోరెందుకు విప్పుతుంది? కొత్తవారిని వెతికేముందు ఆ ముగ్గురినీ ఒక్కో పేజీ సారాంశం రాసిమ్మని అడగండి: ఏం గమనించారు, ఏది పనిచేసింది, ఏ మాట ఎత్తితే ముడుచుకుపోయింది. దానికి సమితి ఆర్డరు నకలు, మందుల చీటీలు జతచేసి ఫైలు కట్టండి. కొత్త కౌన్సెలర్‌ను అది చదివాకే అమ్మాయిని పిలవమనండి. తర్వాత జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఉత్తరం రాయండి. 'ఒకే కౌన్సెలర్, వారానికోసారి, కనీసం 6 నెలలు' అని ఆమె వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో చేర్చమనండి. నోటిమాట అధికారి బదిలీతోనే పోతుంది.

హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక వైద్య ఆస్పత్రిలో పిల్లలకు, కౌమారులకు వేరే మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగు వచ్చినవారు కావాలని ముందే అడగండి. స్కూల్లో కన్నడం బాగా మాట్లాడే పిల్లయినా పీడకల గురించి చెప్పాలంటే ఇంటి భాషే కావాలి.

ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే సంతకం దగ్గర చిక్కొస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనరు తరఫున నిలిచేది చట్టబద్ధ సంరక్షకులు. ఫోస్టర్ కేర్‌తో ఆ హోదా మీకు దానంతటదే రాదు. ఎవరు సంతకం పెట్టాలో సమితి దగ్గర ఇప్పుడే రాయించుకోండి, అర్ధరాత్రి కౌంటరు దగ్గర తేలే పని కాదిది.

డిప్రెషన్‌కు మాత్రలు మొదలుపెడితే తొలి వారాల్లో చాలా కనిపెట్టి ఉండాలి, ఈ వయసులో కొందరికి ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు. మీ అంతట మీరు హఠాత్తుగా ఆపొద్దు. చచ్చిపోతానన్నా, చేయి కోసుకున్నా ఒంటరిగా వదలకండి. మాత్రలు, బ్లేడ్లు తాళంలో పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. గాయమైనా, ఏదైనా మింగినా ఫోన్లతో ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

బాలల న్యాయ చట్టంలో 18 నిండాక 21 దాకా ఇచ్చే అనంతర సంరక్షణ (ఆ తర్వాతి సాయం) సంస్థల్లోంచి బయటికొచ్చిన పిల్లల కోసం; మీ అమ్మాయికి వర్తిస్తుందో లేదో సమితిని అడగండి. 18 నిండితే వైద్యం కూడా ఆస్పత్రిలో పెద్దల విభాగానికి మారాలి. 17లోనే పాత డాక్టరు, కొత్త డాక్టరు ఆమె ఎదుట ఒక్కసారైనా కలిసి కూర్చునేలా అడిగి ఏర్పాటు చేయించండి.