పాపా, మైకు కంటే ముందు ఎర్తు

చిత్తూరు

పాపకు పెద్దమామ ఆశీస్సులు.

మిద్దె మీద గదిని రికార్డింగు గది చేసుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. చెప్తుంటే దాని గొంతులో సంబరం ఎంతుందో, "డబ్బులన్నీ మైకు మీదే పోస్తోంది అన్నా" అనే గుబులూ అంతే ఉంది. సంబరం నాకూ ఉంది. వసారాలో చెంబు బోర్లించి దరువేస్తూ పాడిన పిల్ల ఇప్పుడు అన్నమయ్య కీర్తనలు సొంతంగా రికార్డు చేస్తానంటే ఎందుకుండదు? నా గుబులు మాత్రం మైకు గురించి కాదు. ఆ మిద్దెకు కరెంటు పని చేసి ముప్పై ఏళ్లు దాటింది. ఆ సంగతికి వస్తా, ముందు చిన్నవి అయిపోనీ.

ఉన్న ల్యాప్‌టాప్ చాలు, ర్యామ్ 16 జీబీకి పెంచుకో. సాఫ్ట్‌వేరుకు రీపర్ తీసుకో, 60 రోజులు ఊరికే వాడి చూసి తర్వాత డబ్బు కట్టొచ్చు. స్టాండు బరువైనది కొను, తేలికది పాట మధ్యలో మెడ వాల్చేస్తుంది. స్పీకర్ల జోలికి ఈ ఏడాది పోవద్దు. ఆ గదిలో అవి అబద్ధాలే చెబుతాయి.

ఎందుకంటే ఆ గది పొడవు పది అడుగులు, వెడల్పు పది, ఎత్తు పది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పది అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్లు 112, 168 దగ్గర శబ్దం ఉబ్బుతుంది. మూడు కొలతలూ ఒకటే కాబట్టి మూడు ఉబ్బులూ ఒకేచోట పడతాయి. మృదంగం తొప్పివైపు కొడితే ఒక దెబ్బ గుండెల్లో మోగుతుంది, ఇంకొకటి వినపడనే వినపడదు. ఇది స్పీకరు మార్చితే పోయే జబ్బు కాదు.

గుడ్ల అట్టలు అంటించమని ఎవరో సలహా ఇచ్చారట. వద్దు తల్లీ. పలచని అట్ట పైస్థాయి శబ్దాన్ని రవ్వంత మింగుతుంది, కింది స్థాయిని అసలు ముట్టుకోదు. పైగా అగరొత్తి నిప్పు చాలు, గోడంతా అంటుకోవడానికి. రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు తెప్పించు. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్నవి, 50 మిల్లీమీటర్ల మందం. రెండేసి కలిపి చెక్క చట్రంలో పెట్టి నూలుగుడ్డ చుట్టించు. గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పోకపోతే శబ్దమూ పోదు, ఆ గుడ్డ పనికిరాదు. గోడకూ చట్రానికీ మధ్య నాలుగంగుళాలు ఖాళీ వదులు, ఆ ఖాళీ వల్లే కింది స్థాయి కూడా కొంత అణుగుతుంది. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుతో ఎనిమిది చట్రాలు ఉంటే మొదలుపెట్టొచ్చు. కోసేటప్పుడు మూతికి మాస్కు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

మొదటి చట్రాలు మైకు వెనకాల కాదు, నీ వీపు వెనకాల పెట్టు. కార్డియాయిడ్ మైకు తన ముందున్నదాన్నే ఎక్కువ వింటుంది. దాని ముందుండేది నువ్వూ, నీ వెనక గోడా. చట్రాలు తయారయ్యేదాకా మీ నాయనమ్మ దూది పరుపులు రెండు నిలబెట్టుకో, బాగా పనిచేస్తాయి. ఇవన్నీ లోపలి మోతను తగ్గించడానికే, బయటి రైలు కూతను ఆపవు. దానికి తలుపు సందులకు రబ్బరు పట్టీ వేయించి, రాత్రి ఆటోలు సద్దుమణిగాక పాడుకోవాలి. తెల్లారిందంటే తిరుపతిలో ఏదో ఒక గుడి మైకు మొదలవుతుంది. ఎండాకాలం ఫ్యాను ఆపితే ఉడికిపోతావని తెలుసు. ఒక్కో టేకు ఐదు నిమిషాలకు మించకుండా చూసుకుని, మధ్యలో ఫ్యాను వేసుకో.

ఇక మైకు. చిన్న శబ్దాన్నీ పట్టే ఖరీదైన కండెన్సర్ మైకు మనసులో పెట్టుకున్నావట. చట్రాలతో సరిచేయని గదిలో అది నీ గొంతుతో పాటు గోడల్నీ, పక్కింటి కుక్కర్నీ కూడా శ్రద్ధగా రాస్తుంది. ముందు షూర్ ఎస్ఎమ్ 58 లాంటి, అంత సున్నితం కాని డైనమిక్ మైకు చాలు. అది 1966 నుంచీ ఉన్న మైకు, అందుకే నకిలీలూ ఎక్కువ. బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే తీసుకో. డైనమిక్ అయితే గది వినపడదని కొందరంటారు, అది సగమే నిజం. దానికి నాలుగంగుళాల దగ్గరగా పాడతాం కాబట్టి గొంతు ముందు గది చిన్నబోతుంది, అంతే. మరీ దగ్గరైతే కింది స్థాయి ఉబ్బుతుంది, మంద్రంలో నీకే తెలుస్తుంది. గది కుదిరాక ఏటీ 2020 లాంటి కండెన్సర్ కొనుక్కుని, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ పలికేటప్పుడు వచ్చే ఊదుడును ఆపే జాలీ) పెట్టుకుని పాడు.

మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె, ఇంటర్‌ఫేస్, రెండు ఇన్‌పుట్లది కొంటానన్నావు. నీ ఒక్కదానికి చాలు. కానీ అప్పటికప్పుడు కల్పనస్వరాలు పాడటం మొదలయ్యాక మృదంగం ఎదురుగా ఉండాల్సిందే, తర్వాత విడిగా అతికిస్తానంటే కుదరదు. మృదంగానికి రెండు మైకులు, నీకొకటి. అందుకే నాలుగు ఇన్‌పుట్లది చూడు. కండెన్సర్ మైకుకు కేబులు ద్వారానే అందే 48 వోల్టుల ఫాంటమ్ పవరు, విండోస్‌లో ఆలస్యం తగ్గించే సొంత ఏషియో డ్రైవరు ఉన్నాయో లేదో అడుగు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చెయ్యి. తారస్థాయిలో గట్టిగా పాడినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. బఫరు (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దపు ముక్క) 128 శాంపిల్స్ పెడితే దాని వల్ల వచ్చే ఆలస్యం మూడు మిల్లీసెకన్లలోపే, మిక్సింగప్పుడు 512కు పెంచుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

అన్నీ తగిలించి స్విచ్చి వేయగానే హెడ్‌ఫోన్లో గుంయ్ మని ఒక మోత వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ మోత అదే, దాని రెట్లే. అప్పుడు తెలిసినవాడు ఎవడో ఒకడు వచ్చి "ఎర్తు పిన్ను తీసెయ్, పోతుంది" అంటాడు. తీస్తే నిజంగానే పోతుంది! అక్కడే మోసపోయేది. మా తరం మైక్‌సెట్ వాళ్లు, ఆర్కెస్ట్రాల వాళ్లు అందరూ చేసిన తప్పే ఇది. కట్టర్‌తో పిన్ను కొయ్యడం, ప్లగ్గు విప్పి ఆకుపచ్చ తీగను వంచి టేపు చుట్టడం. మోత ఆగితే పని తెలిసినవాడని పేరు.

మోత ఎందుకొస్తుందో చూడు. ల్యాప్‌టాప్ ఒక గోడ సాకెట్లో, కీబోర్డో స్పీకరో ఇంకో గోడ సాకెట్లో ఉంటాయి. రెండు చోట్లా ఎర్తు వోల్టేజి ఒకే మట్టంలో ఉండదు. రెండింటినీ కలిపే ఆడియో కేబులు పైతొడుగులో ఆ తేడాకు కరెంటు పారుతుంది. అదే మోత. ఎర్తు తెంపితే ఆ చుట్టు తెగుతుంది, కాపలా కూడా తెగుతుంది. లోపల ఎక్కడైనా తీగ ఒరుసుకుని ఇనుప డబ్బాకు తగిలితే, ఎర్తు ఉన్నప్పుడు ఫ్యూజో, కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్చి ఎమ్‌సీబీయో పడిపోతుంది. లేనప్పుడు 230 వోల్టులూ డబ్బా మీదే కూర్చుంటాయి. అక్కడి నుంచి మూడు పిన్నుల మైకు కేబులు, అంటే ఎక్స్ఎల్ఆర్ కేబులు, ఒకటో పిన్ను మీదుగా మైకు జాలీ దాకా వస్తాయి. నువ్వేమో చెప్పులు విప్పి, సిమెంటు గచ్చు మీద కూర్చుని, చెమట పట్టిన పెదవులు దానికి ఆనించి పాడతావు. రాసేటప్పుడు కూడా నా చెయ్యి వణుకుతోంది.

దీనికి తోడుగా ఇంకొక దొంగదారి. ఇంటికి ఎర్తే లేకపోతే కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్లోనే న్యూట్రల్‌నూ ఎర్తునూ చిన్న తీగతో కలిపేస్తారు. టెస్టరు పెడితే అంతా బాగానే కనిపిస్తుంది. పైన ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లో ప్రతి ఇనుప డబ్బాకూ కరెంటు వస్తుంది. సాకెట్ విప్పించి ఈ తీగ లేదని నీ కళ్లతో చూసుకో.

ఎర్తు గుంత కొత్తగా తీయించు. జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ. మన నేల రాతి నేల, ఎండాకాలం ఎండిపోతే ఎర్తు పట్టు తప్పుతుంది, వారానికోసారి బిందెడు నీళ్లు పొయ్యాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు టెస్టరు పెట్టించి, ఐదు ఓములలోపు ఉందని చూపించమను. కరెంటు దారితప్పి నేలలోకి కారితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించు. మనిషిని షాకు నుంచి కాపాడేది అదీ, ఎర్తూ కలిసే. ఎమ్‌సీబీ ఒక్కటుంటే చాలనుకోవద్దు.

మరి మోత ఎట్లా పోతుంది? రికార్డింగు సామానంతా ఒకే సాకెట్ నుంచి, ఒకే మంచి స్పైక్ బోర్డుతో తీసుకో. అన్నీ కలిపినా 300 వాట్లు దాటవు, ఆరు ఆంపియర్ల సాకెట్ తట్టుకుంటుంది. రేపు ఏసీ పెట్టినా దానికి వేరే లైను. ల్యాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద విను, మోత పోతే దొంగ ఆ చార్జరే. ఫ్యాను రెగ్యులేటరు తిప్పి చూడు, మోత మారితే దొంగ అది. కేబుళ్లు బ్యాలెన్స్‌డువే (దారిలో పట్టిన మోతను కొట్టేసేలా రెండు తీగల్లో పంపేవి) వాడు, కరెంటు తీగల పక్కన సాగదీయకు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. కీబోర్డు మోగితే, దాన్ని ఇంటర్‌ఫేస్‌కు కలిపే డీఐ బాక్సు అనే చిన్న పెట్టె మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది. అది తెంపేది ఆడియో వైపు గ్రౌండును, కరెంటు ఎర్తును కాదు. ఇన్వర్టరు ప్యూర్ సైన్‌వేవ్ది (లైను కరెంటులా నున్నటి అల ఇచ్చేది) కాకపోతే అది నడిచేటప్పుడు రికార్డింగే పెట్టుకోకు.

ఎర్తు పిన్ను కొయ్యనని, ఎవర్నీ కొయ్యనివ్వనని కాణిపాకం వినాయకుడి మీద ప్రమాణం చేసి చెప్పాలి నువ్వు. నవ్వకు.

హెడ్‌ఫోన్లు క్లోజ్‌డ్ బ్యాక్‌వి, అంటే వెనక మూసి ఉండి శబ్దం బయటికి కారనివి తీసుకో. శ్రుతిపెట్టె గదిలో మోగనివ్వద్దు, హెడ్‌ఫోన్లోకే ఇవ్వు. గదిలో మోగితే ప్రతి టేకులోనూ అతుక్కుంటుంది, తర్వాత ఒక్క పలుకు కూడా కత్తిరించలేవు. నీకు ఒక చెవి విప్పుకుని పాడే అలవాటుంది. విప్పిన కప్పును గాలికి వదలకుండా తలకు ఆనించి పెట్టుకో, లేకపోతే అందులోంచి శ్రుతి కారి మైకులో పడుతుంది. నీ శ్రుతి ఐదు కట్టైని ట్యూనర్‌తో సరిగ్గా 'జి' స్వరం మీద నిలుపు, రేపు కీబోర్డు కలపాలంటే తిప్పలుండవు.

టేకు అయిన ప్రతిసారీ రాగం, తాళం, శ్రుతి, మైకు ఎంత దూరం పెట్టావో నోటుబుక్కులో రాయి. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కి కొండమీద అరలో దాచబట్టి మనదాకా వచ్చాయి. కానీ రేకుల మీద రాగం పేరే ఉంది, వరస లేదు. ఆయన ఎట్లా పాడాడో పోయింది. నీ ఫైళ్లు ట్రాకుకు నిమిషానికి తొమ్మిది ఎంబీ కూడా ఉండవు, మూడుచోట్ల దాచడానికి బద్ధకమెందుకు? ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డ్రైవులో ఒకటి, మూడోది నా దగ్గరికి పంపు.

కేబుళ్లు, కనెక్టర్లు చెన్నై రిచీ స్ట్రీటులో నేను తెస్తాను, నువ్వు కొనొద్దు. టంకం వేయడం వచ్చినప్పుడు నేర్పిస్తా. ఎక్స్ఎల్ఆర్ పిన్నుల్లో ఒకటి తొడుగు, రెండు హాట్, మూడు కోల్డ్, ఇప్పటికి ఇది బట్టీ పట్టు.

ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటరుతో మూడు కొలతలు తీయించు, నువ్వు పక్కన నిలబడు, చెయ్యి పెట్టకు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య. మొదటి రెండూ 230 దగ్గర దాదాపు ఒకటిగా, మూడోది రెండు మూడు వోల్టులలోపు ఉండాలి. ఎర్తు టెస్టరు అంకె కూడా కలిపి రాసి పంపు. అవి చూశాకే మైకు డబ్బులు వేస్తా.

నీ పెద్దమామ