రియాక్టర్ హియరింగ్‌లో మన మాట చెల్లుతుందా?

సందేహం: అమెరికాలో ఉంటున్నాం. మా ఇంటికి 30 మైళ్ళ దూరంలో కొత్త అణు రియాక్టర్‌కు దరఖాస్తు పడింది. హియరింగులు కుదించేస్తున్నారని వార్తల్లో చూశాక టెన్షన్‌గా ఉంది. అభ్యంతరం చెప్పే హక్కు పోయినట్టేనా?

సలహా: పోలేదండి. రెండు వేర్వేరు విచారణలను కలిపి చెప్పడంతో వచ్చిన గందరగోళం ఇది.

నిర్మాణ అనుమతి ఇచ్చే ముందు, ఎవరూ అడగకపోయినా ఒక విచారణ జరపాలని 1957లో చట్టంలో చేర్చారు. అందులో అణు రియాక్టర్లకు అనుమతులిచ్చే ఫెడరల్ సంస్థ న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ తన సిబ్బంది పరిశీలన సరిగా ఉందో లేదో చూసుకుంటుంది. మామూలు పౌరుడు అక్కడ కక్షిదారు కాడు. కుదింపు ఎక్కువగా దీనిమీదే పడింది. 2024లో టెనెసీలోని హెర్మీస్-2 అనే రియాక్టర్ ప్రాజెక్టు విషయంలో సాక్షులను పిలవకుండా కాగితాల మీదే ముగించారు. నిజం చెప్పాలంటే, దీనివల్ల మీకు పోయేది పెద్దగా లేదు.

మీకు పనికొచ్చేది రెండోది. 1954 అణుశక్తి చట్టం సెక్షన్ 189 ప్రకారం, తన ప్రయోజనానికి దెబ్బ తగలవచ్చనుకునే ఎవరైనా విచారణ కోరవచ్చు. కొత్త రియాక్టర్ల దరఖాస్తులను 18 నెలల్లో తేల్చాలని, హియరింగులను సరళం చేయాలని 2025 మేలో అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. అయితే ఉత్తర్వుతో చట్టం రద్దు కాదు.

మీరు 50 మైళ్ళ లోపే ఉన్నారు కాబట్టి అర్హత గురించి సాధారణంగా పేచీ రాదు. చాలా పిటిషన్లు ఓడిపోయేది ‘కంటెన్షన్’ దగ్గర, అంటే దరఖాస్తులో ఫలానా తప్పుందని మీరు లేవనెత్తే నిర్దిష్ట అభ్యంతరం దగ్గర. ‘అణు విద్యుత్తు ప్రమాదకరం’ అని రాస్తే తీసి పక్కన పెడతారు. దరఖాస్తులో ఫలానా పేజీలో జనాన్ని ఖాళీ చేయించడానికి పట్టే సమయం లెక్కగట్టారు, వరదొస్తే మునిగే వంతెనను అందులో వదిలేశారు, ఇదిగో ఆధారం, ఇదిగో నిపుణుడి అఫిడవిట్ అంటే వినక తప్పదు. ఆధారాలు తర్వాత ఇస్తామంటే కుదరదు, మొదటి రోజే జతచేయాలి. నా దృష్టిలో సామాన్యుడికి అసలు అడ్డుగోడ ఇదే. ఈమధ్యది కాదు, 1989లోనే ఈ నిబంధన బిగించారు.

మైకు దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పే అవకాశం విడిగా ఇస్తుంటారు. వెళ్ళండి, తప్పులేదు. కానీ అది సాక్ష్యంగా లెక్కకు రాదు.

ఫెడరల్ రిజిస్టర్‌లో (అమెరికా ప్రభుత్వ గెజిట్) నోటీసు వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. గడువు అందులోనే ఉంటుంది, మామూలుగా 60 రోజులు. దాటితే బలమైన కారణం చూపాలి. లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు గానీ, సాంకేతిక నిపుణుణ్ణి మాత్రం ఇప్పుడే వెతుక్కోండి. ఈ దశలో కక్షిదారుగా చేరకపోతే, తర్వాత అప్పీల్స్ కోర్టు తలుపు తట్టడం కష్టం.